ఏనుగు, ఒంటె, మధ్యలో పిల్లి

మా పిల్లికి చదరంగం వచ్చని నేను అనను. కానీ చదరంగం నేర్పే ప్రతివాడూ మొదటి రోజే చెప్పే సూత్రం దానికి తెలుసు: మధ్య గళ్ళు ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ళది. బోర్డు పరిస్తే చాలు, ఎక్కడున్నా వస్తుంది, ఒకసారి గుండ్రంగా తిరిగి సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. మూతి నా మంత్రి వైపు, తోక చాచా రాజు మీద.

చాచా అంటే కోరుట్లలో మా ఇంటి ఓనరు. కింద ఆయనా చాచీ ఉంటారు, పైన అమ్మా నేనూ. బస్టాండుకు దగ్గర్లో ఆయనకు టైలరింగ్ షాపు ఉంది. నేను జగిత్యాలలో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన వరండాలో నులక మంచం మీద బోర్డు పరిచి, నేను రావడమే ఆలస్యమన్నట్టు కూర్చునేవాడు. కుట్టుపనీ చదరంగమూ ఆయనకు నేర్పింది ఒకే ఉస్తాద్. రెండింటికీ ఒకే నియమం: ఒకసారి కత్తెర పెట్టాక వెనక్కి రాకూడదు. ముట్టిన పావును ఆడాల్సిందే.

పిల్లి షాపులో గుడ్డ ముక్కల మూటలో దొరికింది. చాచా దాన్ని ఎవరిదో సగం కుట్టిన లాల్చీలో చుట్టి తెచ్చాడు. అది తినేది కింద, చాచీ వంటింట్లో. పగలంతా పడుకునేది పైన, నా డ్రాయింగ్ టేబుల్ మీద. కాబట్టి ఎవరిది అనే ప్రశ్నకు జవాబు సందర్భాన్ని బట్టి ఉంటుంది. ఎలుకను పడితే "మా పిల్లి". ఊరికే ఎండలో పడుకుంటే "మన పిల్లి". ఏదైనా పగలగొడితే "నీ పిల్లి". ఈ విషయంలో చాచా వ్యాకరణంలో నేను ఎన్నడూ తప్పు పట్టలేదు.

చదరంగానికి అది చేసే నష్టాన్ని నాలుగు రకాలుగా విడగొట్టవచ్చు. కూర్చోవడం మొదటిది, చెప్పాను. రెండోది తోయడం: అంచున ఉన్న సిపాయిని ఒక పంజాతో, మన కళ్ళలోకి చూస్తూ, నింపాదిగా కింద పడేస్తుంది. మూడోది ఎత్తుకుపోవడం. ఒక నల్ల సిపాయి అలా పోయి మళ్ళీ దొరకలేదు. దాని స్థానంలో ఒక కోటు గుండీ ఉద్యోగం చేస్తోంది. ఒక గుర్రానికి చెవులు కొరికేసింది, ఇప్పుడది బాతులా ఉంటుంది. నాలుగోది దూకడం. దానికి సమయమూ కారణమూ అక్కర్లేదు.

ఇవి కాక పరోక్ష నష్టాలు వేరే. ఒకసారి పిల్లి పాల గిన్నె వైపు పోతుంటే చాచీ వంటింట్లోంచి "ఎత్తు! ఎత్తు!" అని కేక వేసింది. పిల్లిని ఎత్తమని ఆమె ఉద్దేశం. చాచా ఉలిక్కిపడి, తన ఎత్తు ఆలస్యమైందనుకుని, చేతికందిన గుర్రాన్ని కదిపేశాడు. ముట్టితే ఆడాలి కదా. ఆ గుర్రం మరుక్షణమే చచ్చింది. పాలు కూడా పోయాయి.

ఇంతవరకూ సర్దుకుపోయాం. అసలు గొడవ బల్లితో వచ్చింది.

అప్పటికే నేను సిరిసిల్లలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పనిలో చేరాను. వారమంతా అక్కడ గదిలో, ఆదివారం కోరుట్లలో. ఆ ఆదివారం చాచా ఆడిన ఆట చూసి తీరాల్సింది. నా మీద గెలిచి ఆయనకు చాలా కాలమైంది. ఆ రోజు ఒక్కో పావునూ అంగుళం టేపుతో కొలిచినట్టు పెడుతూ నన్ను ఒక మూలకు తోసేశాడు. ఇంకొక్క ఎత్తు చాలు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చాయ్ ఇప్పుడే తేవద్దని చాచీకి చెప్పాడు. గెలిచాక తాగుతాడట. సరిగ్గా అప్పుడు ట్యూబ్‌లైట్ వెనక నుంచి బల్లి జారి మంచం మీద పడింది. పిల్లి దూకింది. బల్లి తప్పించుకుంది. బోర్డు తప్పించుకోలేదు.

"నీ పిల్లి!" అన్నాడు చాచా.

"చాచా, బల్లి..."

"బల్లి సంగతి బల్లి చూసుకుంటది. ఇగ దీన్ని రాయికల్ పంపుడే."

రాయికల్‌లో ఆయన మేనల్లుడికి రైస్ మిల్లు ఉంది. మిల్లులో ఎలుకలు బాగా పెరిగాయని, మంచి పిల్లి ఉంటే చెప్పమని అతను చాలాకాలంగా అడుగుతున్నాడు.

"మిల్లు ఎలుకలు దీనంత ఉంటయట చాచా. ఇది వాటిని తింటదా, అవి దీన్ని తింటయా?"

"వజీర్‌నే పడగొట్టింది. ఎలుక ఒక లెక్కనా దీనికి?"

చాచీ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. "ఆడపిల్లను అత్తగారింటికి పంపుడు చూసిన గని, ఆడపిల్లిని మిల్లుకు పంపుడు గిప్పుడే చూస్తున్న," అంది. "ఆట చేతగాక నోరులేనిదాని మీద పడుడా?"

చేతగాదన్న మాట చాచాకు తగిలింది. మెడలో టేపు సర్దుకుని నా వైపు తిరిగాడు.

"సరే. ఇంకొక్క ఆట. నువ్వు గెలిస్తే అది ఇంట్లనే ఉంటది. నేను గెలిస్తే రాయికల్. జబాన్ ఇస్తున్న."

చాచా జబాన్ ఇచ్చాడంటే ఆ మాటకు తిరుగులేదు. పండక్కి బట్టలు ఇస్తానని జబాన్ ఇచ్చి, కరెంటు పోతే లాంతరు వెలుతురులో కుట్టిన మనిషి. నేను నవ్వుతూనే సరేనన్నాను. ఆ పిల్లి నా రెండు డిప్లొమా డ్రాయింగులను చించింది, ఒక మల్టీమీటర్ వైరు కొరికింది, నా ఒకే ఒక్క మంచి ప్యాంటు మీద కాన్పు చేసుకుంది. అయినా, సిరిసిల్ల గదిలో చేరిన కొత్తలో నాకు నిద్ర పట్టేది కాదు. లూముల చప్పుడు వల్ల అనుకున్నాను. ఆదివారం ఇంటికొచ్చి పడుకుంటే తెలిసింది: పాదాల మీద పిల్లి బరువు లేకపోతే నాకు నిద్ర రాదు.

ఆట మొదలుపెట్టాం. చీకటి పడేదాకా ఆడినా తేలలేదు. తెల్లారి నేను బస్సెక్కాలి. ఇక మిగిలింది ఫోను.

చాచాది బటన్ల ఫోను, ఫోటోలు రావు, పోవు. అందుకని నేనొక పద్ధతి తయారుచేశాను. గళ్ళకు ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నంబర్లు. నా వైపు ఎడమ మూల ఒకటి. చాచా తన టైలర్ సుద్దతో బోర్డు మీదే నంబర్లు వేసుకున్నాడు. నేనొక ప్లాస్టిక్ బోర్డు కొని నా గదిలో ఆటను అలాగే పేర్చాను. ఏ గడి నుంచి ఏ గడికో చెబితే చాలు, ఏ పావు పేరూ పలకక్కర్లేదు. పొరపాటుకు చోటే లేదని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

మధ్యాహ్నం తిండి వేళ కార్ఖానా బయట చాయ్ హోటల్ దగ్గర నిలబడి ఫోను చేసేవాణ్ణి. లూముల చప్పుడులో పదిహేడు ఇరవై ఏడులా వినపడుతుంది కాబట్టి గట్టిగా అరవాలి, అవతల ఆయన తిరిగి చెప్పాలి.

"పదమూడు నుంచి ఇరవై తొమ్మిది!"

"పదమూడు నుంచి ఇరవై తొమ్మిది. పెట్టిన. నాది యాభై రెండు నుంచి ముప్పై ఆరు."

రెండో రోజు చాయ్ హోటలాయన గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, ఏ నంబరు తగిలింది? జర మాకు గూడ చెప్పరాదే."

మట్కా కాదు, చదరంగమని చెప్పాను. నమ్మలేదు. ఇరవై తొమ్మిది మీద ఆయన ఎంత పెట్టాడో నేను అడగలేదు.

కోరుట్లలో చాచా బోర్డును ఇంట్లోని కుట్టు మిషన్ టేబుల్ మీద పెట్టి, పైన చాచీ అన్నం గిన్నెలకు కప్పే జాలి మూత బోర్లించి, కదలకుండా దాని పక్కన ఇస్త్రీ పెట్టె ఆనించాడు. పిల్లికి అంతకన్నా మంచి పరుపు ఎవరూ ఇంతవరకూ ఇవ్వలేదు. వారం మధ్యలో ఒక రోజు వేళ కాని వేళ ఫోను మోగింది.

"నీ పిల్లి," అన్నాడు చాచా. "జాలి మీద పండింది. జాలి కూలింది. అన్ని పావులు కలిసిపోయినయి," అన్నాడు.

ఆయన ఎక్కడ ఏదుందో తనకు తోచినట్టు పెట్టుకుని నోరు మూసుకుని ఉండవచ్చు. ఉండలేదు. అది ఆయన పద్ధతి కాదు.

"ఫికర్ చెయ్యకు చాచా. నా బోర్డు మంచిగనే ఉన్నది. ఒక్కొక్క గడి చెప్త, నువ్వు పెట్టుకుంట రా. నేను చెప్పింది మళ్ళ చెప్పు."

"చెప్పు."

"తెల్లవి. నాలుగుల ఏనుగు."

"నాలుగుల ఏనుగు."

"ఆరుల ఏనుగు. ఏడుల రాజు. పదమూడుల ఒంటె."

అవతల పావులు వెతుకుతున్న చప్పుడు. "ఒంటెనా?"

"ఒంటె చాచా."

"ఆఁ ఆఁ, సమజైంది. పదమూడుల ఒంటె."

అలా చివరిదాకా చెప్పాను. ఆయన చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పాడు. చెప్పిన సమాచారాన్ని తిరిగి చెప్పించుకుంటే తప్పు దొరికిపోతుందని మాకు పాలిటెక్నిక్‌లో పాఠం. ఒక్క తప్పూ దొరకలేదు. ఆట ముందుకు సాగింది.

నిజం చెప్పాలంటే ఆటలో నాకన్నా చాచాదే పైచేయి. నేను రాత్రిళ్ళు బోర్డు ముందు కూర్చుని దారులు వెతుకుతున్నాను, ఏదీ కనబడటం లేదు. కానీ ఆ తర్వాత మూడు నాలుగు ఎత్తుల్లో ఆయన ఒక వింత పని చేశాడు. తన మంత్రిని, గుర్రాన్ని నా రాజు మీదికి నడిపిస్తూ, తన రాజు ఉన్న వెనక వరసను తలుపులు తెరిచిన ఇల్లులా వదిలేశాడు. నా ఏనుగు నాలుగో గడిలో ఉంది. దాని ఎదురుగా అరవై దాకా అడ్డు లేదు. నేను నమ్మలేక మూడుసార్లు వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టాను. శనివారం మధ్యాహ్నం చాయ్ కూడా చెప్పకుండా ఫోను చేశాను.

"చాచా. నాలుగు నుంచి అరవై. షహ్ మాత్! ఆట కట్టు!"

అవతల నుంచి, చాలా మర్యాదగా: "నాలుగు నుంచి అరవైకి ఎట్లొస్తది బేటా?"

"సీదా. ఏనుగే కదా అక్కడున్నది."

"ఉన్నది ఏనుగే. గని ఏనుగు సీదా నడువది కదా."

"మరెట్ల నడుస్తది?"

"ఐమూలకు నడుస్తది."

"ఏ ఊర్ల?"

"హర్ ఊర్ల. మా ఉస్తాద్ ఏనుగు ఐమూలకే నడిచింది. ఆయన ఉస్తాద్‌ది గూడ గట్లనే నడిచింది. సిరిసిల్ల ఏనుగులకు కొత్త ట్రైనింగ్ ఇచ్చిన్రా?"

"చాచా, గిన్నేండ్ల సంది ఆడుతున్నం. ఇయ్యాల ఏనుగు నడక మార్చినవా? పిల్లిని పంపాలంటే సక్కగ చెప్పు, గీ నాటకాలెందుకు?"

ఆ మాట నోరు దాటాక వెనక్కి తీసుకోవాలనిపించింది. చాచా గొంతు మారిపోయింది.

"నా జబాన్ మీద మాట పడ్డది. రేపు రా. బోర్డు తీస్కొని రా. రాయికల్ల మేనల్లునికి గూడ చెప్పిన, గోనె బోరె తీస్కొని వస్తడు."

ఫోను పెట్టేశాడు. చాయ్ హోటలాయన నా ముఖం చూసి, "పోయిందా?" అన్నాడు. "పోతే పోనీ అన్నా. నంబర్లు గట్లనే ఉంటయి."

ఆదివారం పొద్దున బోర్డు సంచిలో పెట్టుకుని వేములవాడ మీదుగా బస్సులు మారి కోరుట్ల చేరాను. ఎక్కడ ఏ పావు ఉందో బయల్దేరే ముందే ఫోటో తీసి పెట్టుకున్నాను, గడిచిన ఎత్తులన్నీ ఫోనులోనే రాసుకున్నాను. ఇంట్లో గాలి బిగుసుకుని ఉంది. చాచా ముందుగదిలో మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. చాచీ పీట మీద వంకాయలు కోస్తోంది. అమ్మ చెట్నీకి పల్లీలు ఇచ్చే నెపంతో కిందికి వచ్చి గోడకు ఆనుకుంది. పిల్లి ఎక్కడా లేదు.

ఆయన బోర్డు పక్కన నా బోర్డు పేర్చాను. ఇద్దరం వంగి చూశాం. గళ్ళు సరిపోయాయి. పావుల లెక్క సరిపోయింది. నా బోర్డు మీద ఏనుగులున్న చోటల్లా ఆయన బోర్డు మీద ఒంటెలున్నాయి. ఒంటెలున్న చోట ఏనుగులు.

నేను బురుజులా ఉన్న పావును చూపించాను. "చాచా, ఇదేంది?"

"రుఖ్."

ఒంటెను చూపించాను. "ఇది?"

"ఫీల్. ఫీల్ అంటే హాథీ. హాథీ అంటే మీ తెలుగుల ఏనుగు. నువ్వే కదా ఏనుగు, ఏనుగు అని ఫోన్ల మొత్తుకున్నవు?"

"మా దాంట్ల ఏనుగంటే గా బురుజు చాచా. సీదా పోయేది."

"బురుజు ఏనుగెట్లయితది? దానికి తొండమున్నదా?"

"మరి ఒంటె అంటే ఏందనుకున్నవు?"

"మా ఆటల ఊంట్ లేనే లేదు. నువ్వేమో ఒంటె అంటివి. మిగిలింది రుఖ్ ఒక్కటే. ఎత్తుగ ఉన్నది, ఒంటె అంటే ఒంటెనేమో అని పెట్టిన."

ఐదారేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని ఆడాం. చేత్తో కదిపాం, కళ్ళతో చూశాం, గెలిచినప్పుడు తిట్టుకున్నాం. పావుల పేర్లు పలకాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. నా తిరుగులేని నంబర్ల పద్ధతి కూడా ఆ అవసరం రానివ్వలేదు. చెప్పిన మాటను ఇద్దరం తు.చ. తప్పకుండా తిరిగి చెప్పుకున్నాం, వేర్వేరు జంతువులను నిలబెట్టుకున్నాం.

"తప్పు మాట అన్న చాచా," అన్నాను.

"నేను గూడ ట్రైనింగ్ అన్న," అన్నాడు. అక్కడితో ఆ లెక్క సరి.

చాచీ కత్తిపీట ఆపింది. "ఏనుగేదో ఒంటేదో తెల్వనోళ్ళు ఇద్దరు కూసోని పిల్లికి తీర్పు చెప్తున్నరు," అంది మా అమ్మతో.

"జాలి మీద పండినందుకు దానికి దండం పెట్టాలె అక్కా," అంది అమ్మ. "లేకుంటే వీళ్ళకు ఈ జన్మల తెలిసేది గాదు."

కానీ ఆట సంగతి తేలాలి. షహ్ మాత్ చెల్లదు. ఆయన తన బోర్డు చూసి ఆడాడు, నా ఏనుగు ఆయనకు కనబడనే లేదు. పిల్లి కూల్చిన రోజు ఎలా ఉందో అక్కడి నుంచి మళ్ళీ ఆడటమే న్యాయమని చాచా అన్నాడు. కాదనడానికి నాకు దారి లేదు. నా ఎత్తుల లెక్క చూసి ఆ రోజు ఆటను ఆయన బోర్డు మీద మళ్ళీ పేర్చాను. పేరుస్తున్నప్పుడే తెలుస్తోంది, నేను పిల్లిని బోరెలో పెడుతున్నానని. చాచా ఎత్తు వేశాడు. నేను వేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడవడం నాకు తెలుసు.

బయట బండి ఆగింది. మేనల్లుడు లోపలికి వచ్చాడు, భుజాన గోనె బోరె, ఒంటి మీద తౌడు వాసన. "అస్సలాం అలైకుం మామూ. ఏది పిల్లి?" అని, సాయంగా బోరెను ఒకసారి గట్టిగా దులిపాడు.

పిల్లి బీరువా మీద ఉందని అప్పుడు తెలిసింది. అక్కడి నుంచి నేల మీదికి రావడానికి దానికి చాలా దారులున్నాయి. అది బోర్డు మీదుగా వచ్చింది. ఏనుగులు, ఒంటెలు, రుఖ్‌లు, ఫీల్‌లు, కోటు గుండీ అన్నీ మంచం కిందికి పోయాయి. పిల్లి మెట్లెక్కి పైకి పోయింది.

మేనల్లుడు బోరెను వెనక దాచుకున్నాడు.

"ఎవరు గెలిచిన్రు మామూ?"

"ఆట కాలే," అన్నాడు చాచా.

"మళ్ళ పెట్టుర్రి. నేను కూసుంట."

చాచా మంచం కింది పావుల వైపు చాలాసేపు చూశాడు. ఎప్పుడో పెళ్ళికి షేర్వానీ కుట్టించుకున్నవాడు పదేళ్ళకు కనబడినా నడుము కొలత చెప్పగలిగే మనిషి. "యాదికి లేదు," అన్నాడు.

నా వైపు తిరిగాడు. "నీకు?"

ఫోను నా జేబులోనే ఉంది. "నాక్కూడ లేదు చాచా," అన్నాను.

మేనల్లుడు మంచం పట్టె మీద కూర్చుని ఆలోచించాడు. "మరి ఆట ఎప్పుడైతది మామూ?"

"పిల్లి లేకుంటే ఒక్క పూటల అయితది."

"అయితే పిల్లిని నాకియ్యి. సాఫ్ సీదా ఆడుకోర్రి."

"ఆట గెలువకముందే ఎట్లిస్త? జబాన్ ఇచ్చిన."

అతను దీన్ని లోపల రెండు మూడుసార్లు తిప్పి చూసుకున్నట్టున్నాడు. సాయం కోసం నా ముఖం చూశాడు. "నువ్వు సదువుకున్నోనివి భాయ్. నువ్వన్న చెప్పు. ఆట అయితే గని పిల్లి రాదు, పిల్లి పోతే గని ఆట కాదు. గిదెట్ల?"

"మామూ చెప్పింది కరెక్టే," అన్నాను.

చాచీ చాయ్ తెచ్చింది. అతను తాగాడు. వంకాయ కూర తిని పొమ్మంటే తిన్నాడు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, ఇక మొహమాటమెందుకన్నట్టు అడిగాడు: "పోనీ, ఎలుకల బోను ఉన్నదా మీ తాన?"

అమ్మ పైకి పోయి మా బోను తెచ్చింది. తుప్పు పట్టింది కానీ స్ప్రింగు బాగానే ఉంది, నేనే పరీక్షించి ఇచ్చాను. దాన్ని బోరెలో వేసి బండి వెనక కట్టుకుని అతను రాయికల్ పోయాడు.